ఏడాది చివరి స్టాఫ్ మీటింగు, వార్షికోత్సవం, ఆఖరి రోజు భోజనం: మీ బడిలో ఎలా తేలుస్తారు?

విభాగం: బడి కబుర్లు / శ్రీకాకుళం, విజయనగరం

లెక్కల టీచరు
మార్చి 22, 2025, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. పేరు రాయను. టీచర్లం 14 మందిమి, పిల్లలు 260 పైచిలుకు. మా హెడ్మాస్టారు డిసెంబరు ఆఖర్న రిటైరయ్యారు. సీనియర్‌ని నేనే కాబట్టి ఇన్‌ఛార్జి నాకు వచ్చింది. పిల్లలకి లెక్కలు చెప్పడం ఇరవై ఏళ్లుగా అలవాటే కానీ, పద్నాలుగు మందిని ఒక మాట మీదకి తేవడం నాకు కొత్త.

పోయినేడు వార్షికోత్సవం తేదీ సర్క్యులర్ పుస్తకంలో వచ్చింది. నాలుగో పీరియడ్‌లో అటెండరు ఒక్కో క్లాసు గుమ్మం దగ్గరికీ తెచ్చాడు. చేతిలో సుద్దముక్క అలాగే పట్టుకుని అందరం సంతకాలు పెట్టేశాం. ఎవరూ పూర్తిగా చదవలేదు. నేనూ చదవలేదు. ప్రోగ్రాం పొద్దున్న 10 గంటలకని రాసి ఉంది. అతిథులు వచ్చేసరికి 12 దాటింది. తెలుగు మాస్టారు నెల రోజులు ఓపికగా నేర్పించిన తప్పెటగుళ్ల నృత్యాన్ని ఆఖర్న పెట్టారు. ఆరో తరగతి గుంటలు కాళ్లకి గజ్జెలు కట్టుకుని, మెడలో తప్పెట వేసుకుని, షామియానా బయట ఎండలో రెండు గంటలు నిలబడ్డారు. ముఖానికి పూసిన రంగు చెమటకి కారి చొక్కా కాలర్ల మీద పడింది. వాళ్ల వంతు వచ్చేసరికి 'టైం అయిపోయింది, భోజనాలకి రండి' అని మైకులో చెప్పేశారు. ఒక పిల్లడు గజ్జెలు విప్పమంటే విప్పలేదు. అలాగే కూర్చుని అన్నం తిన్నాడు. కాలు కదిపినప్పుడల్లా ఘల్లుమనేది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలోంచి పోలేదు.

వంట చేసే అక్కలకి మూడొందల మందికి పులిహోర అని ఆ పొద్దున్నే చెప్పారు. డ్రిల్లు మాస్టారికి ఆటల బహుమతులు ఇవ్వడం లేదన్న సంగతి స్టేజీ మీదే తెలిసింది. ఆ సాయంత్రం నుంచి మా స్టాఫ్‌రూంలో టీ ఫ్లాస్కులు రెండయ్యాయి. ఈ బల్ల వాళ్లది ఒకటి, ఆ బల్ల వాళ్లది ఒకటి.

ఈసారి అలా జరగకూడదని పట్టుదలగా ఉంది. టెన్త్ పరీక్షలు నెలాఖరుకి అయిపోతాయి. ఏప్రిల్ మొదట్లో సగం మంది టెన్త్ పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లిపోతారు. ఏప్రిల్ 23 ఆఖరి పనిదినం. మధ్యలో దొరికే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మీ బడుల్లో నిర్ణయాలు ఎలా తీసుకుంటారు? మీటింగులో ఎవరెవరు కూర్చుంటారు? ఆఖరి రోజు ఏం చేస్తారు? దయచేసి అనుభవంతో చెప్పండి.

నాగావళి గట్టు
మార్చి 22, రాత్రి 10:25

అమ్మా, నేను హెచ్.ఎం.గా పదకొండేళ్లు చేసి రిటైరయ్యాను. మీరు రాసింది చదివాక ఊరుకోలేకపోయాను.

ముందుగా ఒకటి తేల్చుకోండి. అన్నీ అందరూ కలిసి నిర్ణయించేవి కావు. పరీక్షల టైంటేబుల్, సెలవుల తేదీలు పైనుంచి వస్తాయి. జీతాల బిల్లులు, టి.సి.లు హెచ్.ఎం. సంతకంతో నడుస్తాయి. రేపు ఏదైనా తేడా వస్తే అడిగేది ఆ సంతకాన్నే. వీటి మీద గంటసేపు చర్చ పెడితే 'మా మాటకి విలువ లేనప్పుడు పిలవడం ఎందుకు' అని జనం విసిగిపోతారు. ఫలానాది పైనుంచి వచ్చింది, ఫలానాది మన చేతిలో ఉంది అని మొదటి నిమిషంలోనే విడదీసి చెప్పండి. మన చేతిలో ఉన్నదే చాలా ఉంటుంది. ఎవరు ఏ పని చూడాలి, ఏ పిల్లకి ఏ లోటుంది, పండగ ఎలా చెయ్యాలి, జేబులోంచి ఎంత తియ్యాలి, ఇవన్నీ మనవే.

రెండోది, మీరు ముందు మాట్లాడకండి. నేను కొత్తలో చేసిన తప్పు అదే. నా అభిప్రాయం చెప్పి 'ఏమంటారు?' అని అడిగేవాణ్ణి. అందరూ 'అలాగేనండి' అనేవారు. బయటికెళ్లి చెట్టు కింద అసలు మీటింగు పెట్టుకునేవారు. తర్వాత పద్ధతి మార్చాను. అందరికంటే చిన్నవాళ్లు, కొత్తగా చేరినవాళ్లు ముందు మాట్లాడాలి. ఆఖరి మాట హెచ్.ఎం.ది. మొదటి రెండుసార్లు కుర్రాళ్లు నోరు మెదపలేదు. నేను ఏమీ అనకుండా కూర్చున్నాను. ఆ నిశ్శబ్దం భరించడమే కష్టం, అమ్మా. మూడోసారి ఒకాయన లేచి 'ప్రేయర్‌లో పిల్లల్ని ఎండవైపు ముఖం పెట్టి ఎందుకు నిలబెడుతున్నాం?' అని అడిగాడు. ఏళ్ల తరబడి ఎవరికీ తట్టలేదు. మర్నాడే వరస తిప్పేశాం.

మూడోది మినిట్స్ పుస్తకం, అంటే మీటింగులో అనుకున్నవి రాసే పుస్తకం. సంతకాలకి ముందు రాసింది పైకి చదివి వినిపించండి. పుస్తకం చేతులు మారుతూ సంతకాలు పడటం కాదు, అందరూ కూర్చుని ఉండగానే ఒకరు చదవాలి. 'నేనలా అనలేదు' అని ఎవరైనా అంటే అక్కడే దిద్దండి. ఒప్పుకోనివాళ్ల మాట కూడా వాళ్ల మాటల్లోనే రాయండి. తన అభ్యంతరం పుస్తకంలో ఉందని తెలిస్తే మనిషి సగం చల్లబడతాడు. మిగతా సగం పనిలో కలుస్తాడు.

డబ్బు సంగతి మాత్రం ఆ రోజు తేల్చకండి. ఒక రాత్రి పోనిచ్చి మర్నాడు తేల్చండి.

చీపురుపల్లి బాబు
మార్చి 23, ఉదయం 7:02

మాది ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల, మేడమ్. ఇద్దరం ఒకే బండి మీద వెళతాం. నిర్ణయాలన్నీ దారిలోనే అయిపోయేవి. అందులో ఒక చిక్కుంది. ఇద్దరే ఉన్నప్పుడు గట్టిగా మాట్లాడేవాడిదే నెగ్గుతుంది, అది కాదనడానికి మూడో మనిషి ఉండరు. అందుకని రెండేళ్ల నుంచి శనివారం బడి అయ్యాక అంగన్‌వాడీ టీచరమ్మని కూడా కూర్చోబెట్టుకుంటున్నాం. ఊళ్లో ఏ ఇంట్లో ఏం జరుగుతుందో ఆవిడకి తెలిసినంత మాకు తెలీదు. పుస్తకం కూడా పెట్టాం, ముగ్గురం సంతకాలు చేస్తాం.

ఉద్దానం కొబ్బరి
మార్చి 23, మధ్యాహ్నం 2:40

మీటింగులో ఎవరు కూర్చోవాలి అని అడిగారు కదా, దాని గురించే రాస్తాను. మాది పలాస వైపు. తిత్లీ తుఫాను (2018 అక్టోబరు) తర్వాత మా దగ్గర కొబ్బరి, జీడి తోటలు పడిపోయి చాలా ఇళ్లు కుదేలయ్యాయి. మగవాళ్లు చెన్నై, హైదరాబాదు పనులకి వెళ్లిపోతే పిల్లలు ముసలమ్మల దగ్గర ఉంటారు.

ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఎప్పుడూ మొదటి పీరియడ్‌కి రాదు, వచ్చినా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడుతుంది. నోట్సు రాయదు. క్లాస్ టీచరు నేనే. ఏడాది చివర ప్రోగ్రెస్ కార్డులు రాస్తూ మీటింగులో 'శ్రద్ధ లేదు, చెప్పినా వినదు' అన్నాను. మిగతా మాస్టార్లూ తలూపారు. ఆ రోజు ఆయమ్మ మా అందరికీ మజ్జిగ ఇవ్వడానికి లోపలికి వచ్చింది. గ్లాసు నా ముందు పెడుతూ 'ఆ పిల్ల చేతులు చూశారా, టీచరమ్మా?' అంది.

చూడలేదు. మర్నాడు పంపు దగ్గర చూశాను. రెండు చేతుల వేళ్లూ నల్లగా ఉన్నాయి. బొటనవేలి పక్కన తోలు ఊడి ఎర్రగా ఉంది. పొద్దున్నే నాయనమ్మతో జీడి పిక్కలు కొట్టి వస్తోంది. ఆ పిక్కల రసం పడితే చర్మం కాలిపోతుంది. చేతులు అలా ఉంటే పెన్ను ఎలా పట్టుకుంటుంది? నేను ఏడాదిపాటు ఆ పిల్ల ముఖమే చూసి తిట్టాను, చేతులు చూడలేదు. ఆయమ్మ నీళ్లు పోస్తూ రోజూ చూసింది. ఆమెని మేం ఏనాడూ అడగలేదు.

ఆ ఏడు నుంచి మా మీటింగులో ఆయమ్మకి కుర్చీ వేస్తున్నాం. మజ్జిగ మాలో ఒకరం పోస్తాం.

వీణ తీగ
మార్చి 23, సాయంత్రం 6:15

ఉద్దానం గారూ, మీరు రాసింది చదివి మనసు కదిలింది. అయినా నా భయం చెప్పనివ్వండి. నేను బొబ్బిలి దగ్గర పనిచేస్తున్నాను. స్టాఫ్ మీటింగులో పిల్లల ఇంటి విషయాలు వస్తాయి. ఎవరి నాన్న తాగి కొడతాడు, ఏ పిల్లకి పెళ్లి చూపులు జరుగుతున్నాయి, ఇలాంటివి. ఆయమ్మ, వంట అక్కలు అదే ఊరివాళ్లు. సాయంత్రానికి రచ్చబండ మీదకి చేరితే ఆ పిల్ల తలెత్తుకుని తిరగలేదు. మా బడిలో ఒకసారి అలాగే జరిగి ఒక అమ్మాయి చదువు మానేసింది. అందుకే నేను ఒప్పుకోను.

ఉద్దానం కొబ్బరి
మార్చి 23, రాత్రి 8:50

మీరన్నది నిజమే, మేడమ్. మేం మీటింగుని రెండు భాగాలు చేశాం. పని, పండగ, భోజనం, బాత్రూములు, నీళ్లు, ఇవి మాట్లాడేటప్పుడు అందరూ ఉంటారు. పిల్లల ఇంటి సంగతులు వచ్చేసరికి క్లాస్ టీచరు, హెచ్.ఎం., ఆ పిల్లని రోజూ దగ్గరగా చూసే మనిషి ఒకరు, అంతే. ఒక్కమాట చెప్పాలి. మా బడిలో మాట బయటికి పొక్కింది ఒకేసారి. అది ఆయమ్మ వల్ల కాదు, మా టీచర్లలో ఒకరి ఫోను వల్ల.

కమిటీ నాన్న
మార్చి 24, రాత్రి 9:30

నేను టీచర్ని కాదు. మా పాప చదివే బడికి పేరెంట్స్ కమిటీలో ఉన్నాను. గజపతినగరం వైపు. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కాగితం మీద మేం ఉన్నాం. పుస్తకం ఇంటికి వస్తే సంతకం పెడతాం. మా ఆవిడ కూడా పెడుతుంది. ఏం రాశారో అడిగితే 'మామూలేనండి' అంటారు.

మీరు మీటింగు పెడుతున్నారు కాబట్టి నా మనవి. వార్షికోత్సవం పొద్దున్న 10కి పెడితే మేం రాలేం. మార్చి, ఏప్రిల్‌లో పొద్దుటిపూట ఉపాధి హామీ పనులు ఉంటాయి. ఒక రోజు కూలీ పోగొట్టుకుని వస్తే, వచ్చినవాళ్లని వెనక నిలబెట్టి ముందు వరసలో సోఫాలు వేస్తారు. పోయిన డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టినప్పుడు మా ఊరోళ్లు ఎంతమంది వచ్చారో! వారం ముందే చెప్పారు, పిల్లల పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టారు. మా అమ్మ బడి లోపలికి రావడం అదే మొదటిసారి. మనవరాలి బెంచీ మీద కూర్చుని, బల్ల మీద చెక్కిన పేర్లు తడిమి చూసింది. ఆమెకి చదువు రాదు.

సాయంత్రం 5 తర్వాత పెట్టండి. అందరం వస్తాం.

గంటస్తంభం
మార్చి 25, ఉదయం 11:20

విజయనగరంలో పుట్టి ఇప్పుడు బెంగళూరులో టీచరుగా ఉన్నాను. వాల్డార్ఫ్ పద్ధతి బడి మాది. ఈ పద్ధతి మొదటి బడి 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మొదలైంది. అక్కడి వాల్డార్ఫ్ ఆస్టోరియా సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ పెట్టారు. టీచర్లే వారానికోసారి కూర్చుని బడిని నడుపుకోవాలన్నది ఆయన ఆలోచన. ఇప్పటికీ చాలా వాల్డార్ఫ్ బడుల్లో ఆ వారం మీటింగు తప్పదు. అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఒక్కో మీటింగులో ఒక పిల్లని తీసుకుని, ఆ పిల్లకి పాఠం చెప్పే అందరూ తాము చూసింది మాత్రమే చెబుతారు. ఎలా నడుస్తుంది, ఎలా కూర్చుంటుంది, ఏం తింటుంది, ఎవరితో ఆడుతుంది. 'మంచిది, మొండిది' అనే మాటలు ఆ పూటకి పక్కన పెడతారు. ఏడాది చివర మార్కుల బదులు టీచరు ప్రతి పిల్ల గురించీ రాసి ఇస్తారు. ఉద్దానం గారి ఆయమ్మ చేసింది అచ్చంగా అదే పని. చేతులు చూసింది, చూసింది చెప్పింది.

నాగావళి గట్టు
మార్చి 25, మధ్యాహ్నం 3:05

మంచి సంగతి చెప్పావు, బాబూ. హెచ్.ఎం. లేకుండా మన ప్రభుత్వ బడి నడవదు, బాధ్యత ఒకరి మీద ఉండాల్సిందే. కానీ మీటింగుకి ఒక పిల్ల చొప్పున మాట్లాడుకోవడానికి ఏ జీవో అడ్డం? పావుగంట పని.

విజిల్
మార్చి 25, రాత్రి 10:40

విజయనగరం జిల్లా, నేను పి.ఇ.టి.ని, అంటే డ్రిల్లు మాస్టార్ని. ఆఖరి రోజు భోజనం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. స్టాఫ్ విడిపోయేది తేదీల దగ్గర కాదు, చందా దగ్గర.

మా బడిలో మనిషికి 500 అని పెట్టేవారు. చూడటానికి సమానం. స్కూల్ అసిస్టెంటుకీ 500, వంట అక్కకీ 500. వంట చేసేవాళ్లకి నెలకి వచ్చే గౌరవ వేతనం 3,000 రూపాయలు. అందులో ఆరో వంతు ఒక పూట భోజనానికి ఇవ్వాలా? ఇవ్వలేక ఆ రోజు 'ఒంట్లో బాగోలేదు' అని రాకుండా ఉండేవారు. మూడేళ్లు మేం నిజంగానే ఒంట్లో బాగోలేదనుకున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు స్టాఫ్‌రూంలో ఒక బిస్కట్ల డబ్బా పెడతాం. మూతకి చిల్లు ఉంటుంది. అందరికీ ఒకే రకం కవర్లు ఇస్తాం. వారం రోజుల్లో ఎవరికి వీలైనంత వాళ్లు వేస్తారు. వేయకపోయినా ఎవరికీ తెలీదు. ఆఖరున ఇద్దరు లెక్కపెట్టి మొత్తం మాత్రమే చెబుతారు. నమ్ముతారో లేదో, 500 లెక్కన వచ్చిన దానికంటే ఎక్కువే వస్తోంది. దాన్ని బట్టే వంటకాలు. వంకాయ కూర, ఆవ పెట్టిన పనసపొట్టు, పప్పు, చారు, పెరుగు, ఒక తీపి. కోడికూర కావాలని కొందరు, వద్దని కొందరు పట్టుబట్టారు. రెండేళ్లు తెగలేదు. మూడో ఏడు 'ఒక్క పూటకి అందరూ ఒకే వరసలో కూర్చుని తినగలిగేదే వండుదాం' అని వాచ్‌మన్ అన్నాడు. దాంతో ఆ గొడవ ఆగింది.

వడ్డన మాది. ఏడాదంతా పిల్లలకి వండిపెట్టిన అక్కలు ఆ రోజు మొదటి పంక్తిలో కూర్చుంటారు. సంతలో ఏజెన్సీ వాళ్ల దగ్గర కొన్న అడ్డాకుల విస్తళ్లు వేస్తాం. మొదటిసారి మా పెద్దక్క విస్తరి ముందు కూర్చుని చాలాసేపు చెయ్యి కడుక్కోలేదు. 'నాకు వడ్డించడం వచ్చు, కూర్చోడం రాదు, మాస్టారూ' అంది. తర్వాత తింది. రెండోసారి చారు అడిగి వేయించుకుంది. భోజనాలయ్యాక తాటి ముంజలు. అవి మాత్రం పదో తరగతి పాత కుర్రాళ్లు తెస్తారు, డబ్బు తీసుకోరు.

పేరెందుకు
మార్చి 26, రాత్రి 11:15

నేను ప్రైవేటు స్కూల్లో చెబుతాను. మీ మాటలన్నీ చదువుతుంటే కళ్లు చెమర్చాయి. మాకు మీటింగు అంటే యాజమాన్యం చెప్పింది రాసుకోవడం. యాన్యువల్ డేకి టీచర్లందరూ ఒకే రంగు చీర కొనుక్కోవాలి. జూన్‌లో మళ్లీ రావాలో అక్కర్లేదో ఏప్రిల్ ఆఖరి రోజు సాయంత్రం వాట్సాప్‌లో తెలుస్తుంది. అందుకని మేం తొమ్మిది మంది ఆడవాళ్లం ఆ మెసేజ్ రాకముందే, మధ్యాహ్నమే పండగ చేసుకుంటాం. ఒకరి ఇంట్లో కలుస్తాం. తలో వంటకం తెస్తాం. ఏడాదిలో ఎవరు ఎవరికి సాయపడ్డారో ఒక్కొక్కరం చెబుతాం. పోయినేడు నాకు డెంగీ వచ్చినప్పుడు నా నలభై పేపర్లు దిద్దింది ఎవరో అప్పుడే తెలిసింది. ఆమె ఈ ఏడు మాతో లేదు.

లెక్కల టీచరు
మార్చి 29, రాత్రి 9:45

ఈరోజు మీటింగు అయింది. రేపు ఉగాది కదా, పచ్చడికి మామిడికాయలు కొనాలని అందరూ తొందరపడతారేమో అనుకున్నాను. రెండు గంటలు ఎవరూ కదల్లేదు.

అజెండా మూడు రోజుల ముందే బోర్డు మీద రాశాను. ఆయమ్మ, ఇద్దరు వంట అక్కలు, వాచ్‌మన్, కమిటీ నుంచి ఇద్దరు తల్లులు వచ్చారు. అందరికీ కుర్చీలు వేశాం. నవంబరులో చేరిన హిందీ మేడమ్‌ని ముందు మాట్లాడమన్నాను. ఆవిడ లేచి 'పోయినేడు ఏం జరిగిందో నాకు తెలీదు. ఎవరూ చెప్పరు. రెండు ఫ్లాస్కులు ఎందుకున్నాయో కూడా తెలీదు. ఏ టీ తాగాలో తెలీక నేను తాగడం మానేశాను' అంది. ఎవరూ ఏమీ అనలేదు. ఫ్యాను చప్పుడు ఒకటే వినిపించింది. నాగావళి గారు చెప్పినట్టు నేనూ మాట్లాడకుండా కూర్చున్నాను. చాలా కష్టమైంది.

తర్వాత డ్రిల్లు మాస్టారు లేచారు. పోయినేటి బహుమతుల సంగతి మొదటిసారి అందరి ముందూ చెప్పారు. కబడ్డీ పిల్లలకి ఇస్తానని తాను మాటిచ్చిన కప్పులు ఇంట్లో బీరువా మీద అలాగే ఉన్నాయట. రోజూ నిద్ర లేవగానే అవే కనిపిస్తాయట. ఆయన కోపం గురించి విన్నాం కానీ, ఆ కప్పుల గురించి మాకెవరికీ తెలీదు.

ప్రోగ్రాం ఏప్రిల్ 19 శనివారం సాయంత్రం 5 గంటలకి పెట్టాలని చాలామంది అన్నారు. సైన్సు మాస్టారు ఒప్పుకోలేదు. చీకటి పడ్డాక పక్క ఊళ్ల ఆడపిల్లలు ఇంటికి ఎలా వెళతారని అడిగారు. గట్టిగానే అడిగారు. ఇద్దరు ముగ్గురు చిరాకుపడ్డారు కూడా. ఆయన మాట ఆయన చెప్పినట్టే పుస్తకంలో రాశాను. రాస్తుంటే కమిటీలో ఉన్న ఒక తల్లి 'మా ఊరి పిల్లల్ని నేను తీసుకెళతాను, ఆ రెండూళ్లకీ ఎవరో ఒకర్ని పెట్టండి' అంది. పది నిమిషాల్లో ఊరికి ఇద్దరు పెద్దవాళ్ల పేర్లు పడ్డాయి. ఆ అభ్యంతరమే లేకపోతే పిల్లల్ని చీకట్లో వదిలేసేవాళ్లం. ఆయన మాత్రం పేర్లు పడ్డాక కూడా పొద్దున్నే మంచిదన్న మాట మీదే ఉన్నారు. అదీ రాశాను.

తప్పెటగుళ్లు మొదటి అంశం. ఉపన్యాసాలు ఆఖర్న, మనిషికి ఐదు నిమిషాలు. ముందు వరసలో తల్లిదండ్రులు. ఇవి తేలికగా తేలిపోయాయి. చందా సంగతికి వచ్చేసరికి ఆపేశాను. విజిల్ గారి డబ్బా పద్ధతి చెప్పి సోమవారం రంజాన్ కాబట్టి మంగళవారం మాట్లాడదామన్నాను.

ఆఖర్న ఆంగ్లం మేడమ్ మినిట్స్ పైకి చదివారు. 'ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' అని అలవాటు కొద్దీ రాసేశారు. సైన్సు మాస్టారు 'ఏకగ్రీవం కాదు కదా' అన్నారు. కొట్టేసి 'ఒకరు తప్ప అందరూ' అని రాశాం. ఆయమ్మ వేలిముద్ర వేయబోయి, ఆగి, సంతకం చేసింది. ఎనిమిదో తరగతి పిల్లల దగ్గర నేర్చుకుందట. మాకెవరికీ తెలీదు.

పొందూరు పోగు
మార్చి 30, ఉదయం 8:20

విశ్వావసు నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు, మేడమ్. చిన్న సలహా. అతిథులకి, రిటైరయ్యేవాళ్లకి మెరిసే శాలువాలు కొనకండి, ఇంటికెళ్లాక అవి బీరువా దాటవు. మా పొందూరు ఖాదీ కండువా ఇవ్వండి. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి వడికే నూలు అది. ఎండాకాలం మెడ మీద వేసుకోవడానికి పనికొస్తుంది.

వీణ తీగ
ఏప్రిల్ 1, రాత్రి 8:30

టీచరు గారూ, మీ మీటింగు సంగతి మా స్టాఫ్‌రూంలో చదివి వినిపించాను. ఊళ్లో మాట పాకుతుందన్న నా భయం పోలేదు కానీ, ఉద్దానం గారు చెప్పిన రెండు భాగాల పద్ధతి ఈ ఏడు చేసి చూస్తాం. ఆయమ్మ కోసం కుర్చీ తెప్పించాం.

లెక్కల టీచరు
ఏప్రిల్ 24, ఉదయం 10:10

సెలవులు మొదలయ్యాయి. ఇప్పుడు తీరికగా రాస్తున్నాను.

19న ఐదుంపావుకి తప్పెటగుళ్లు మొదలయ్యాయి. పోయినేడు గజ్జెలు విప్పని పిల్లడు ఇప్పుడు ఏడో తరగతి. వాడినే ముందు నిలబెట్టారు తెలుగు మాస్టారు. వాడు ఎగిరి తిరిగినప్పుడు మట్టి లేచింది. ముందు వరసలో కూర్చున్న వాళ్ల తాత లేచి నిలబడి 'కాలు ఎత్తు, ఇంకా ఎత్తు' అని కేకేశాడు. ఆయన కుర్రతనంలో తప్పెటగుళ్ల మేళంలో ఆడేవారట. ఉపన్యాసాలయ్యేసరికి ఏడున్నర దాటింది. ఊరి పెద్దవాళ్లు టార్చిలైట్లతో పిల్లల్ని వరసల్లో తీసుకెళ్లారు. సైన్సు మాస్టారు ఆఖరి పిల్ల ఇంటికి చేరిందని ఫోను వచ్చేదాకా గేటు దగ్గరే ఉన్నారు. కబడ్డీ కప్పులు కూడా ఇచ్చాం, ఏడాది ఆలస్యంగా. ఆ జట్టులో ఇద్దరు ఇప్పుడు కాలేజీలో చదువుతున్నారు, అయినా వచ్చి తీసుకున్నారు.

నిన్న ఆఖరి పనిదినం, టెన్త్ ఫలితాలు కూడా నిన్ననే వచ్చాయి. మా వాళ్లు ఇద్దరు తప్పారు. మధ్యాహ్నం భోజనాలకి ముందు ఆ ఇద్దరి గురించే అరగంట మాట్లాడుకున్నాం. సప్లిమెంటరీకి ఒకరికి లెక్కలు నేను, ఇంకొకరికి సైన్సు మాస్టారు సెలవుల్లో చెబుతాం. ఆ పిల్లలిద్దర్నీ భోజనానికి పిలిపించాం. ఒకడు రానన్నాడు. వాచ్‌మన్ వెళ్లి సైకిలు మీద తీసుకొచ్చాడు.

డబ్బాలో సరిపోను డబ్బు వచ్చింది. అడ్డాకులు దొరకలేదు, అరిటాకులు వేశాం. వడ్డన మేమే చేశాం. నేను చారు పోశాను. ఈ వేసవిలో బదిలీలు ఉంటాయంటున్నారు. ఈ పద్నాలుగు మందిలో జూన్‌లో ఎంతమంది ఉంటారో తెలీదు. అందుకే పుస్తకం గురించి మళ్లీ పట్టించుకున్నాను. కొత్తగా వచ్చేవాళ్లు చదివితే ఇక్కడ ఏం అనుకున్నారో, ఎవరు కాదన్నారో తెలియాలి.

హిందీ మేడమ్ ఇప్పుడు టీ తాగుతోంది. ఫ్లాస్కులు మాత్రం ఇంకా రెండే ఉన్నాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

నాగావళి గట్టు
ఏప్రిల్ 24, మధ్యాహ్నం 12:35

చాలా సంతోషం, అమ్మా. ఫ్లాస్కుల సంగతి వదిలెయ్యండి, వాటికి తొందర లేదు. జూన్ 12న బడి తెరిచే రోజుకి పుస్తకంలో ఒక పేజీ ఇప్పుడే తెరిచి పెట్టుకోండి. సెలవుల తర్వాత ఎవరికీ ఏదీ గుర్తుండదు.

లెక్కల టీచరు
ఏప్రిల్ 24, మధ్యాహ్నం 1:15

పెట్టేశాం, మాస్టారూ. నిన్న భోజనాలయ్యాక తేదీ వేసి మొదటి అంశం కూడా రాశాం. ఆడపిల్లల బాత్రూం తలుపుకి లోపలి గడియ లేదు. ఎన్నాళ్లుగా లేదో మాకు తెలీదు, ఆయమ్మే చెప్పింది. పిల్లలు ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడుతున్నారట. జూన్ దాకా ఎందుకని డ్రిల్లు మాస్టారు నిన్ననే కొలత తీసుకుని వెళ్లారు.